హిద్ రేవులో దిగిన బొగ్గింజను

దేవేందర్ ఆర్మూరులో కట్టుకున్న కొత్త ఇంటి గేటుకు రైలింజను బొమ్మ పెట్టించాడట. ఇనుప రేకు కోయించి, నల్ల రంగు వేయించి, గొట్టంలోంచి పొగ వస్తున్నట్టు వంకీలు కూడా తిప్పించాడట. సెలవు మీద పోయివచ్చినవాళ్లు చెప్పారు. చక్రాలెన్ని పెట్టించాడని అడిగాను. మూడు కనబడుతున్నాయన్నారు. ఆ ఇంజనుకు ఒక్కో పక్కన నాలుగు. ఒక ఎండాకాలమంతా దాని పక్కన నీడలో కుర్చీ వేసుకుని కూర్చున్నవాడికి చక్రాలెన్నో తెలియదు. వాటి కింద వెల్లకిలా పడుకుని తుప్పు గీకినవాణ్ణి కాబట్టి నాకు తెలుసు. ఆ బొమ్మ ముందు నిలబడి, బహ్రెయిన్‌లో చచ్చిన ఇంజనును నేనే బతికించానని వచ్చినవాళ్లందరికీ చెబుతాడట. జనం వింటారట.

బహ్రెయిన్‌లో, తుబ్లీ అనే పేటలో మా గది వర్క్‌షాపు వెనకే. నలుగురం ఉండేవాళ్లం. అందరికంటే పెద్ద భీమన్న కాక, భీమ్‌గల్ మనిషి. గ్రైండింగ్ చేసేవాడు, గదిలో వంట కూడా ఆయనదే. వీరబాబు కాకినాడ అవతలివాడు, వెల్డరు. దేవేందర్ మా ఊరివాడే, ఫోర్‌మన్. నాకు వీసా పంపి తెచ్చింది అతనే. అరబ్బీ గడగడా మాట్లాడతాడు. మా ముగ్గురికీ కలిపి యల్లా, ఖలాస్ కాక ఇంకో పది మాటలు వచ్చునేమో. అర్బాబ్‌తో అంటే మా యజమానితో, ఏ మాటైనా దేవేందరే మాట్లాడాలి. నిన్ను తెచ్చినవాణ్ణి దాటి అర్బాబ్ దగ్గరికి పోకూడదు. మా గదుల్లో ఎవరూ రాసిపెట్టని కట్టుబాటు అది. జ్వరమొచ్చి ఒక పూట పండుకోవాలన్నా ముందు దేవేందర్‌కు చెప్పాలి, దేవేందర్ అర్బాబ్‌కు చెప్పాలి.

జూన్ నెలలో, మధ్యాహ్నం ఎండలో బయట పని చేయించొద్దని సర్కారు ఆపిన రోజుల్లో, హిద్ రేవు నుంచి పొడుగు ట్రెయిలర్ మీద ఆ ఇంజను వచ్చింది. తాడిపత్రి కప్పు తీసేసరికి అందరం దగ్గరికి పోయాం. నల్లగా, బండలాగా, మట్టి వాసనతో ఉంది. ముక్కు ముందర పెద్ద నాగలి కర్రులాంటి ఇనుప రేకు.

"అదేంటండీ బాబూ, ముందర ఆ రేకు? ఇసక తొయ్యడానికా?" అన్నాడు వీరబాబు.

"మంచు తోసెటందుకంట," అన్నాడు దేవేందర్.

"అయితే సరైన ఊరికే తెచ్చారు."

భీమన్న కాక నవ్వలేదు. ఇంజను చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "కష్టపడ్డ గొడ్డు లెక్కున్నదిరా," అన్నాడు.

మా అర్బాబ్ అబూ యూసుఫ్ ఉత్తరాన ఏదో కొండల దేశానికి తిరగడానికి పోయి, అక్కడ మూసేసిన సరుకు రైలు లైను మీద దీన్ని చూసి కొన్నాడు. బుసైతీన్‌లో సముద్రం ఒడ్డున కొత్త రెస్టారెంటు కడుతున్నాడు. దాని ముందు నిలబెట్టాలి. పైన ఎర్ర రంగు వేసి, గొట్టంలో పెళ్లిళ్లలో వాడే పొగమిషను ఒకటి పెట్టి, కూత టేపులో వేస్తే సరిపోతుందని ఆయన ఆలోచన.

నేను ఏడో తరగతితో బడి వదిలేసి, ఉప్పుడు బియ్యం మిల్లులో ఊక పోసి బాయిలర్ మండించినవాణ్ణి. దుబాయి మోజులో పడేదాకా అదే పని. ఇంజను డొక్క మీద సుత్తితో అక్కడా ఇక్కడా తట్టి విన్నాను. పొయ్యిలో తల పెట్టి చూశాను. లోపలి ట్యూబులు పోయాయి గానీ డొక్క గట్టిగానే ఉంది.

"తమ్మీ, దీనికి పొగమిషనెందుకు?" అన్నాను దేవేందర్‌తో. "ట్యూబులు మార్చి, నీల్లు పోసి నిప్పు పెడితే ఇదే కూత పెడ్తది."

"నిజంగనా లింబాద్రన్నా?"

"మిల్లుల గదే పని గదా నాది."

రెండు రోజుల తర్వాత దేవేందర్ ఇరానీ బేకరీ రొట్టెలు, కోడికూర పట్టుకుని గదికి వచ్చాడు. ఊరికే తెచ్చే మనిషి కాదు.

"అర్బాబ్ మస్తు ఖుషైండన్నా. దీనికి పానం పోసినోన్నే దీని మీద పెడ్తడంట. రెస్టారెంట్ల నౌకరి. ఒక ఏడాది జీతం ముందుగల్లనే చేతుల పోస్తనన్నడు. గా పైసలొస్తే నీ భూమి నీకొస్తది, సూస్కో."

ఆ భూమి సంగతి చెప్పాలి. నాలుగేళ్ల కింద నా భార్య కళకు ఆపరేషనైంది. అప్పుడే వీసా ఖర్చు. దేవేందర్ నాయిన పైసలిచ్చి, మా పసుపు చేను తన పేర రిజిస్ట్రీ చేయించుకున్నాడు. కాగితం మీద అమ్మకం, నోటి మీద కుదువ. మా ఊళ్లో అందరూ చేసుకునేదే. నాలుగో పెత్రమాస, అంటే పెద్దలకు బియ్యమిచ్చే అమావాస్యకల్లా పైసలు తిరిగిస్తే చేను మళ్లీ నా పేర రాస్తాడు. దాటితే చేను ఆయనది. అప్పటిదాకా సాగు మాదే. ఆ నాలుగో పెత్రమాస ఈ సెప్టెంబరులో.

"మీ నాయినకు ఒక మాట చెప్పి పెట్టు తమ్మీ," అన్నాను.

"నేను చెప్త. నువ్వు ఫికర్ జెయ్యకు. ముందు దీన్ని లేపు."

ఆ రొట్టెలు బాగున్నాయి. ఇప్పటికీ ఇరానీ బేకరీ ఉన్న వీధి తప్పించి చుట్టు తిరిగి పోతాను.

ఆ ఎండాకాలం నేను ఇంజను కడుపులోనే గడిపాను. పొగ పెట్టెలోకి దూరి పాత ట్యూబులు ఒక్కొక్కటే కోసి లాగాను. వాటికి మందంగా గార పట్టి ఉంది, ముసలివాళ్ల పళ్లకు పట్టినట్టు. ఆ కొండల నీళ్లు వదిలిపోయిన గార. తుబ్లీ ఉక్కపోతలో బయట నిలబడితేనే చొక్కా పిండుకోవాలి. ఇక ఇనుము లోపల చెప్పేదేముంది. భీమన్న కాక గంటకోసారి వచ్చి డొక్క మీద కొట్టేవాడు. నేను లోపలి నుంచి తిరిగి కొడితే వెళ్లిపోయేవాడు. కొట్టకపోతే కాళ్లు పట్టి లాగుతానని ముందే చెప్పాడు.

అబూ యూసుఫ్ ఆ ఇంజను పాత వీడియో ఒకటి పంపిస్తే దేవేందర్ మా ఫోన్లకు పంపాడు. మిగతావాళ్లు ఒకసారి చూసి వదిలేశారు. నేను రోజూ చూసేవాణ్ణి. కొండ మలుపు. అంతా మంచు. ముందు పొగ కనబడుతుంది, తర్వాత ఆ ఇనుప కర్రు మంచును చీల్చుకుంటూ వస్తుంది, ఆ వెనక చెట్ల దుంగలు పేర్చిన బండ్లు ఎంతకీ తెగవు. ఎత్తు దగ్గర చక్రాలు జారి ఉన్నచోటే గిరగిరా తిరుగుతాయి. అప్పుడది పట్టాల మీద ఇసుక రాల్చుకుని, ఒక్కో ఊపిరీ తీసుకుంటూ మళ్లీ లాగుతుంది. మనుషులను కూర్చోబెట్టుకుని పోయే బండి కాదు అది. దానికి ఎవరూ చేతులూపరు. దుంగలు, రాళ్లు, ఖనిజం మోసి, మోసినంత కాలం మోసి, చివరికి కబాబులు తినేవాళ్లు ఫొటోలు దిగడానికి వచ్చిపడింది.

రెస్టారెంటు అలంకరణ చూసే మనిషి ఒకరోజు వచ్చి, వెనక బొగ్గు పెట్టెను సగానికి కోసి ఐస్‌క్రీం అమ్మే గల్లా చేద్దామన్నాడు. దేవేందర్ వెంటనే తలూపి, "వీరబాబూ, కటర్ తే," అన్నాడు.

నేను పోయి ఆ పెట్టె మీద కూర్చున్నాను.

"దిగన్నా, ఏందిది?"

"కోస్తే నన్ను గూడ కొయ్యుమను."

వీరబాబు కటర్ వైరు తీసి చుట్ట చుట్టి, "గ్యాస్ అయిపోయిందండి," అన్నాడు. కరెంటు కటరది. అలంకరణ మనిషికి తేడా తెలియలేదు, వెళ్లిపోయాడు.

ఆగస్టులో ఒక శుక్రవారం కళ ఫోను చేసింది.

"దేవేందర్ వాల్ల నాయిన పొద్దుగాల మన చేన్ల టేపు పట్టి కొల్పిచ్చిండు. పసుపు తొక్కుకుంట తిరిగిన్రు. ఏందని అడిగితే ఊకెనే అన్నడు. ఊకె ఎవలన్న కొలుస్తరా?"

"దేవేందర్‌ను అడుగుత."

"దేవేందర్‌ను అడుగుడేంది? గా అరబ్బాయన కాడికే పో. నువ్వు చేస్తున్న పని నువ్వే చెప్పుకో."

"గట్ల పోవద్దు కళా. తెచ్చినోన్ని దాటిపోతె గదిల ఎవలు మాట్లాడరు."

"గదిల మాట్లాడనీకె పోయినవా, భూమి ఇడిపిచ్చుకోనీకె పోయినవా?"

సాయంత్రం దేవేందర్‌ను అడిగాను.

"నాయిన ముసలోడైండన్నా. పొద్దువోక కొల్పిచ్చిండు. నేనున్న గద. అర్బాబ్‌కు నీ పేరే చెప్పిన, లింబాద్రి లింబాద్రి అని."

ఉల్లిగడ్డలు కోస్తున్న భీమన్న కాక తల ఎత్తకుండానే అన్నాడు. "పేరెందుకు తమ్మీ, మనిషినే సూపియ్యి. శుక్రారం అర్బాబ్ అందర్ని కల్సే మజ్లిస్‌కు తోల్కపో. సలాం గొట్టి వస్తడు."

"కాకా, నీ కూర మాడుతుంది సూస్కో."

పొయ్యి మీద ఇంకా ఏమీ పెట్టలేదు. భీమన్న కాక ఖాళీ పొయ్యిని కాసేపు చూసి, మళ్లీ ఉల్లిగడ్డ అందుకున్నాడు.

సెప్టెంబరు మొదట్లో కొత్త ట్యూబులన్నీ బిగించడం అయింది. ముందు చన్నీళ్లు నింపి చేతిపంపుతో ఒత్తిడి పెట్టి చూశాను. ఎక్కడా చుక్క కారలేదు. నిప్పు పెట్టడమే మిగిలింది. బహ్రెయిన్‌లో బొగ్గెక్కడిది. హిద్ రేవులో పారేసిన చెక్క ప్యాలెట్లు లారీ నిండా తెప్పించి వీరబాబు ముక్కలు చేశాడు. తెల్లవారుజామున పొయ్యి రాజేశాను. ఎండెక్కేసరికి డొక్క వేడెక్కి, ఎక్కడెక్కడో టిక్కు టిక్కుమని ఇనుము సాగిన చప్పుళ్లు. ఒత్తిడి చూపే ముల్లు కదిలింది. ఆవిరి పుట్టింది. భీమన్న కాక దూరం నుంచే దండం పెట్టాడు.

మిల్లులో నాకు పని నేర్పిన ఉస్తాదు ఒక్కటే చెప్పేవాడు. నిప్పున్న బాయిలర్‌ను వదిలి దిగొద్దు, నీళ్ల మట్టం చూపే గాజు మీద నుంచి కన్ను తియ్యొద్దు. పక్క మిల్లువాడు చాయ్ తాగడానికి దిగాడు. నీళ్లు తగ్గి, పొయ్యి కప్పు ఎర్రబడి పేలితే, వాడూ మిగల్లేదు, మిల్లూ మిగల్లేదు. ఆ భయం ఒంట్లో ఉంది నాకు.

అబూ యూసుఫ్ వచ్చాడు. తెల్లటి బట్టలు మాసిపోతాయన్న ఆలోచన కూడా లేకుండా వచ్చి ఇంజనుకు అరచేయి ఆనించాడు. వేడికి తీసేసి, చిన్నపిల్లవాడిలాగా నవ్వాడు. వెనక స్నేహితులు ఫోన్లు ఎత్తి పట్టుకున్నారు. నేను పైన, ఇంజను డ్రైవరు నిలబడే చోట ఉన్నాను, ఒక కన్ను గాజు మీద, ఒక కన్ను కింద.

"మిన్ సవ్వా హాదా?" అన్నాడు.

ఇది చేసిందెవరని. ఆ మాత్రం అరబ్బీ నాకూ వచ్చు.

గాజులో నీళ్లు దిగుతున్నాయి. బాయిలర్లోకి నీళ్లు తోసే ఇంజెక్టర్ తిప్పాను. పట్టుకోలేదు. ఆవిరి బుస్సుమని బయటికే పోయింది. మళ్లీ తిప్పాను.

దేవేందర్ రొమ్ము మీద చేయి పెట్టుకున్నాడు.

"అనా, అర్బాబ్."

నేను, అని.

మూడోసారికి ఇంజెక్టర్ పట్టుకుంది. నీళ్లు గాజులో మెల్లగా పైకి వచ్చాయి.

అబూ యూసుఫ్ గడ్డంతో నన్ను చూపించి ఏదో అడిగాడు. "హెల్పర్," అన్నాడు దేవేందర్. అబూ యూసుఫ్ నాకు బొటనవేలు ఎత్తి చూపి, "యల్లా," అన్నాడు. తాడు లాగాను. ఆ కూత తుబ్లీ అంతా వినబడి ఉంటుంది. పక్క షెడ్ల నుంచి మనుషులు బయటికి వచ్చారు. అందరూ చప్పట్లు కొట్టారు, దేవేందర్ వైపు తిరిగి.

వీరబాబు మెట్టెక్కి వచ్చాడు. "దిగన్నయ్యా. దిగి చెప్పు, ఆయనింకా ఎళ్లలేదు."

"నీల్లు జూడాలె."

"నీ నీళ్లు నేను చూత్తాను, ఎళ్లు."

"నీకు తెల్వదు వీరబాబూ. ఇది వెల్డింగ్ గాదు."

వాడే దిగి పరుగెత్తాడు. "అర్బాబ్, వో ఆద్మీ, వో ఊపర్‌వాలా," అని వచ్చిన హిందీలో చెయ్యి చూపిస్తూ మొదలుపెట్టాడు. దేవేందర్ వాడి భుజం మీద చేయి వేసి నవ్వుతూ పక్కకు తిప్పాడు. కారు తలుపులు పడ్డాయి. దేవేందర్ ముందు సీట్లో కూర్చున్నాడు. నిప్పు చల్లారి, ఆవిరి దిగి, నేను నేల మీద కాలు పెట్టేసరికి మధ్యాహ్నం దాటింది.

సాయంత్రం దేవేందర్ హల్వా డబ్బా పట్టుకుని గదికి వచ్చాడు. కుంకుమపువ్వు వేసిన బహ్రెయినీ హల్వా.

"అనా అన్నవ్," అన్నాను.

"ఏందన్నా?"

"అనా అన్నవ్. ఇన్న."

"గదే పట్టుకుంటవా? అర్బాబ్‌కు మాట్లాడెటోడు కావాలె. రేపు పెద్దపెద్దోల్లు వచ్చి దీని ముచ్చట అడిగితే నువ్వేం చెప్తవ్, ఏ బాసల చెప్తవ్? నౌకరి నా పేర ఉంటది, పని నువ్వు చెయ్యి. నెలనెలా నేనిస్త."

"ముందుగల్ల ఇస్తనన్న పైసలు?"

"ఇంటికి పంపిన. ఆర్మూర్ల స్లాబు ఆగి ఉండె."

"తమ్మీ, పెత్రమాస వస్తుంది. మీ నాయినకు ఒక్క మాట చెప్పు. పసుపు తవ్వేదాక ఆగుమను. పంటమ్మి ఇస్త."

"నాయిన లెక్కలల్ల నేను చొరబడనన్నా."

నేను చెప్తా, ఫికర్ చెయ్యకు అన్న నోరే అది. జూన్‌లో రొట్టెలు తెచ్చి పెట్టిన చెయ్యే అది. భూమి మీద కన్నేసి పని చేయించుకున్నాడో, పని చేయించుకున్నాక భూమి మీద కన్ను పడిందో నాకు తెలియదు. ఏదైనా నాకు జరిగింది ఒకటే.

భీమన్న కాక అన్నం గిన్నె దించాడు. రోజూ వేసే చోట పళ్లాలు వేశాడు, మూడు. వడ్డించాడు. దేవేందర్ పళ్లాలు లెక్కపెట్టాడు.

"కాకా, నా పల్లెం?"

"అర్బాబ్ కాడ తిను తమ్మీ. మాట్లాడెటోనివి."

వీరబాబు హల్వా డబ్బా తీసుకుపోయి బయట దేవేందర్ చెప్పుల పక్కన పెట్టి వచ్చాడు. ఆ వారమే దేవేందర్ మంచం బుసైతీన్‌కు తరలిపోయింది. ఏళ్ల తరబడి ఒక కుండలో తిన్న గది అట్లా విరిగింది. నన్ను హెల్పర్‌గా రమ్మని రెండుసార్లు కబురు పెట్టాడు. పోలేదు. మిల్లులో బాయిలర్ మండించినవాణ్ణి, నా ఇంజను మీద వాడి కింద హెల్పర్‌నా.

పెత్రమాసకు ముందు శుక్రవారం రెస్టారెంటు తెరిచారు. అప్పటికి నాకు కట్టుబాటూ లేదు, సిగ్గూ లేదు. ఉతికిన చొక్కా వేసుకుని బుసైతీన్ పోయాను. ఇంజనుకు ఎర్ర రంగు వేశారు. మంచు తోసే కర్రు మీద పూలకుండీలు పెట్టారు. గొట్టంలోంచి తెల్లటి పొగ వస్తోంది, అగరొత్తుల వాసనతో. పొగమిషను. కాసేపటికోసారి కూత వినబడుతోంది, ఒక్కటే కూత, తేడా లేకుండా. టేపు. దేవేందర్‌కు నిప్పు పెట్టడం రాదు కదా. నేను బిగించిన ట్యూబులన్నీ లోపల చల్లగా పడి ఉన్నాయి. ఎవరికీ తేడా తెలియలేదు. జనం ఫొటోలు దిగుతున్నారు. దేవేందర్ నల్ల కోటు, టోపీ పెట్టుకుని మెట్టు మీద నిలబడి ఉన్నాడు.

అబూ యూసుఫ్ వచ్చినవాళ్లను పలకరిస్తున్నాడు. నేరుగా ఎదురుపోయాను. నాకు వచ్చిన అరబ్బీ అంతా పోగేసుకున్నాను.

"అర్బాబ్," అన్నాను. ఇంజను చూపించాను. రొమ్ము మీద చేయి పెట్టుకున్నాను. "హాదా, అనా."

ఆయన కోపగించుకోలేదు. కోపగించుకుంటే బాగుండేది. నన్ను గుర్తుపట్టి నవ్వాడు, భుజం తట్టాడు. నేను ఇంకేదో చెప్పాలనుకుంటున్నానని అర్థమై, అది ఏమిటో తెలుసుకుందామని చుట్టూ చూసి, పిలిచాడు.

"దేవేందర్."

దేవేందర్ వచ్చాడు. నా కళ్లలోకి చూడకుండా ఆయనకు రెండు మాటలు చెప్పాడు. అబూ యూసుఫ్ పాపం అన్నట్టు తలూపి, లోపలికి కేకేశాడు. కుర్రాడొకడు వేడి రొట్టెలు, కబాబులు నిండిన ప్లేటు తెచ్చి నా చేతిలో పెట్టాడు.

ఆకలేసి వచ్చాడని చెప్పాడు దేవేందర్.

ఆ ప్లేటు పూలకుండీల పక్కన, ఆ ఇనుప కర్రు మీద పెట్టి వచ్చేశాను.

పెత్రమాస పోయింది. బతుకమ్మ చివరి రోజు, సద్దుల నాడు కళ ఫోను చేసింది. వెనక ఆడవాళ్ల పాట వినబడుతోంది, ఆమె మాత్రం ఇంట్లోనే ఉంది.

"పూలు తెంపనీకె చేనుకు పోయిన. గట్టు మీద తంగేడు ఇరగబూసింది. దేవేందర్ నాయిన జీతగాన్ని నిలవెట్టిండు. ఇంకెవల గట్టుకన్న పో అక్కా, గీడ దిగద్దన్నరు అన్నడు."

"పోయినవా మల్ల?"

"నేనెందుకు పోత ఇంకొకల గట్టుకు?"

"బతుకమ్మ?"

"పేర్వలే ఈయేడు."

నాకు తుబ్లీలో ఇంకా వెల్డింగ్ పొగే, గ్రైండింగ్ రవ్వలే. భీమన్న కాక ఇంటికి వెళ్లిపోయాడు. వీరబాబూ నేనూ వండుకుంటున్నాం. గేటు మీద బొమ్మ ఎన్ని చక్రాలతో ఉంటే నాకేం. పోయింది మాత్రం వాగు పక్కన ముప్పై రెండు గుంటలు, బావిలో సగం వాటా, నడుమెత్తు నిలబడి ఉన్న పసుపు.